తొమ్మిది గవ్వల పాలు

మా సంఘంలో పాలు చల్లబరిచే గదిలోంచి పాలను బయటపెట్టి, వాటి స్థానంలో మిషన్లను లోపల పెట్టిన రోజున కొబ్బరికాయ కొట్టింది నేనే. ముత్తారంపేట పాల సహకార సంఘానికి కార్యదర్శిని కదా, ఎవరు ఏం చేసినా ముందు కొబ్బరికాయ కొట్టడం నా ఉద్యోగం. తర్వాత తిట్లు తినడం కూడా నా ఉద్యోగమే. రెండింటికీ కలిపి ఒకటే జీతం.

ఆ మిషన్లు తెచ్చింది మా జిల్లా పాల సమాఖ్య మేనేజింగ్ డైరెక్టరు పీతాంబరరావు సార్. హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లి, అక్కడ భోజనాల దగ్గర ఎవరో చెప్పింది విని వచ్చారు. ఇరవై మిషన్లు. ఒక్కొక్కటీ తవుడు డబ్బా అంత ఉంటుంది. రొద మాత్రం పిండిగిర్నీ అంత.

"సాయిలూ, పాడి అంటే ఇంకా పేడ, పొదుగు అనుకుంటూ కూర్చుంటే మనం వెనుకబడిపోతాం. ఇవి క్రిప్టో నాణేలు తవ్వే మిషన్లు" అన్నారు సార్.

ఎట్లా తవ్వుతాయని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ప్రపంచంలో ఇలాంటి మిషన్లు లక్షలున్నాయి. అన్నీ కలిసి ఒకే లెక్కకు జవాబు ఊహిస్తూ ఉంటాయి. పది నిమిషాలకోసారి ఎవరో ఒకరికి తగులుతుంది. తగిలినవాడికి నాణేలు మొత్తం వస్తాయి.

"మరి తగలనోళ్లకు ఏమొస్తది సార్?"

"కరెంటు బిల్లు వస్తుంది" అన్నారు సార్. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో హారతి కళ్లకద్దుకునేటంత భక్తి ఉంది.

మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో ప్రపంచమంతా మిషన్లు కొన్నది. మిషన్లు ఎక్కువైతే జవాబు త్వరగా దొరుకుతుంది కాబట్టి, రెండు వారాలకోసారి ఆ లెక్కను ఇంకా కష్టం చేస్తారట. దాన్ని కష్టస్థాయి అంటారు. అది పెరిగింది. మళ్లీ పెరిగింది. ఇంతలో ఎక్కడో కొత్త మోడల్ మిషన్లు వచ్చాయి, సగం కరెంటుతో రెట్టింపు పని చేస్తాయట. కొన్న ఆరు నెలలకే మావి ముసలివైపోయాయి. వచ్చే నాణేలు పిసరంత, వచ్చే బిల్లు తాటికాయంత. అటు పాలేమో బయట ఎండలో కాగుతున్నాయి.

ఇంకెవరైనా అయితే ప్లగ్గు పీకేసి ఊరుకునేవారు. పీతాంబరరావు సార్ సమీక్షా సమావేశం పెట్టారు.

"నష్టం సంగతి పక్కన పెట్టండి" అన్నారు. "ఈ వ్యవస్థలోని గొప్పతనం గమనించారా? లక్షల మిషన్లు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. ప్రతిఫలం ఒక్కదానికే. పనిచేసేవాళ్లు పెరిగిన కొద్దీ పని మరింత కఠినమవుతుంది. అయినా ఒక్కటి నోరెత్తిందా? వినతిపత్రం ఇచ్చిందా? మన సంఘాల్లో చూడండి. వెన్న శాతం అరపాయింటు తగ్గించామంటే ఆడవాళ్లు నా కారుకు అడ్డంగా పడుకుంటారు. కాబట్టి మిత్రులారా, మిషన్లలో లోపం లేదు. లోపం మన పాల సేకరణ విధానంలో ఉంది."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రయోగానికి మా ఊరినే ఎంచుకున్నారు. ఎందుకంటే మా దగ్గర మిషన్ల గది ఉంది, దాని పక్కన ఎదురు చెప్పని కార్యదర్శి ఉన్నాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై పాల సేకరణ కష్టస్థాయి ఆధారిత విధానంలో జరుపబడును. ఒక పూట ఒక బ్లాకుగా పరిగణించబడును. సభ్యులు పోసిన ప్రతి లీటరుకు ఒకసారి గవ్వలు విసురు హక్కు కలుగును. గవ్వలన్నియు వెల్లకిలా పడిన ప్రథమ సభ్యునికి ఆ పూట సేకరించిన మొత్తం పాల విలువ చెల్లించబడును. ప్రారంభ కష్టస్థాయి: ఐదు గవ్వలు. పక్షమునకు ఒకసారి, పోసిన లీటర్లను బట్టి గవ్వల సంఖ్య సవరించబడును."

గవ్వలు ఎందుకంటే, మా ఊళ్లో పచ్చీసు ఆడని ఇల్లు లేదు. స్థానిక సంస్కృతికి పెద్దపీట వేశామని సార్ పత్రికల వాళ్లకు చెప్పారు.

మొదటి రోజు తెల్లవారుజామున నలభై మంది ఆడవాళ్లు చెంబులు, క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. సార్ స్వయంగా వచ్చి గవ్వలు నా చేతికిచ్చారు. అందరికన్నా ముందు నిలబడింది మణెమ్మ అక్క. ఆమెకు గుంట భూమి లేదు. ఉన్నది ఒక్క బర్రె. నల్లగా నిగనిగలాడే ఆ బర్రెకు ముత్యాలు అని పేరు పెట్టుకుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది దాని పొదుగు మీదే. పూటకు నాలుగు లీటర్లు పోస్తుంది, చిక్కటి పాలు, వేలు ముంచితే వేలికి అంటుకుని వస్తాయి.

"గిదేంది తమ్మీ, గవ్వలెందుకు?" అంది.

చెప్పాను. ఆమె నాలుగుసార్లు విసిరింది. మూడు పడ్డాయి, రెండు పడ్డాయి, నాలుగు పడ్డాయి, మళ్లీ రెండు పడ్డాయి.

"పడలేదక్కా. పక్కకు జరుగు."

"జరుగుత గని, నా పాలు నాకియ్యి."

నేను సార్ వైపు చూశాను. సార్ గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఓడిన సభ్యుల పాలు నెట్‌వర్క్ భద్రతకు వినియోగించబడతాయి."

"ఎవ్వలికి?"

"వ్యవస్థకు. మీరందరూ పోస్తేనే గెలిచినవారి గెలుపుకు విలువ. మీ శ్రమ వృథా కాలేదు, సాక్ష్యంగా మారింది."

"నాకు సాచ్చెం వద్దు సారూ, తవుడు గావాలె" అంది మణెమ్మ అక్క. "బర్రె సాచ్చెం తింటదా?"

సార్ నవ్వి, మొదట్లో అవగాహన లోపం సహజమేనని నాతో రాయించారు.

మరి ఆ రోజే అందరూ పాలు పోయడం మానేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ పూట గెలిచింది ఎవరో తెలుసా? పోశాలు. ఆడవాళ్ల వరుస చివర వచ్చి నిలబడ్డ ఒకే ఒక్క మగవాడు. ఒక్క లీటరు తెచ్చి, ఒక్కసారి విసిరి, నలభై మంది పాల డబ్బు జేబులో వేసుకున్నాడు. సాయంత్రానికి ఊరంతా అతని ఇంటి ముందు ఉంది. మర్నాడు పాలు పోసేవాళ్లు అరవై మంది అయ్యారు. ఎన్నడూ కొట్టంలో అడుగుపెట్టని మగవాళ్లు చెంబులు కడుక్కుని వచ్చారు. రేపు నా వంతే అని ప్రతివాడి కడుపులోనూ ఒక ధీమా.

పక్షం తిరిగింది. లీటర్లు పెరిగాయి కాబట్టి కష్టస్థాయి ఆరు గవ్వలైంది.

అప్పుడు పోశాలుకు ఒక ఆలోచన వచ్చింది. లీటరుకు ఒకసారి విసరనిస్తారు. లీటరులో ఏముందో ఉత్తర్వులో లేదు. రెండు లీటర్ల పాలలో రెండు లీటర్ల నీళ్లు కలిపి నాలుగుసార్లు విసిరాడు. నేను లాక్టోమీటరు ముంచి చూసి, వెంటనే సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, పోశాలు నీళ్లు కలుపుతున్నడు."

"వెన్న శాతం చూస్తున్నావా ఇంకా?" సార్ గొంతులో బాధ వినిపించింది. "సాయిలూ, నెట్‌వర్క్ ఎవరినీ నమ్మదు, ఎవరినీ అనుమానించదు. జవాబు సరైనదా కాదా, అంతే చూస్తుంది. నువ్వు కూడా గవ్వలు చూడు. ఆ గాజు పరికరాలన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి."

వేశాను. నాకేం పోయింది? ఒక పని తగ్గింది.

నెల తిరిగేసరికి ఊళ్లో నీళ్లు కలపనిది మణెమ్మ అక్క ఒక్కతే. పూటకు నాలుగు లీటర్లు, నాలుగు విసుర్లు. పక్కన పోశాలుకు నలభై. ఆమెకు ఒక్కసారీ పడలేదు. మా ఊళ్లో పాలు పోయడానికి సంఘం తప్ప ఇంకో చోటు లేదు కాబట్టి అయినా పోస్తూనే ఉంది. నేనే ఆగలేక ఒకరోజు చెవిలో చెప్పాను.

"అక్కా, జమానా మారింది. నాలుగు లీటర్ల నీళ్లు గలుపు. నీక్కూడా ఎన్మిది సార్లు ఏసే మోక దొరుకుతది."

"నా ముత్యాల పాలల్ల నీళ్లా? నీ నోట్ల మన్నువడ!" అని అందరి ముందూ కడిగేసింది. "ఇర్వై ఏండ్లు నీళ్లు గలిపినోళ్లను పట్టుకుంటివి. గిప్పుడు నువ్వే కలుపుమనవడితివా? సిగ్గుండాలె తమ్మీ!"

సిగ్గేసింది. అయితే సిగ్గు పద్దు కింద ఉత్తర్వులో ఏమీ రాసి లేదు కాబట్టి క్యూ ముందుకు నడిపించాను.

ఏడు గవ్వల పక్షంలో పోశాలు ఇంకో అడుగు వేశాడు. అరుగు మీద కూర్చుని పదిమందికి లెక్క చెప్పాడు.

"బర్రెకు ఏం గావాలె? తవుడు, పచ్చిగడ్డి, పత్తిచెక్క. రోగమొస్తే డాక్టరు. ఎండకు నీడ. పూటకు ఇచ్చేది ఎంత? నాలుగు లీటర్లు. మరి బోరుకు ఏం గావాలె? బటన్ ఒత్తాలె. గంటకు ఎన్ని లీటర్లు పోస్తది? నువ్వే చెప్పు. గిది పాత మోడలు, గది కొత్త మోడలు."

వచ్చే అంగడికి ఊళ్లోంచి పదిహేడు బర్రెలు వెళ్లిపోయాయి. ఆ తర్వాతి అంగడికి ముత్యాలు తప్ప మిగతావి. కొట్టాల్లో దాణా తొట్లు తీసేసి నీళ్ల డ్రమ్ములు పెట్టారు. మొదట్లో మర్యాద కోసం డ్రమ్ముకు ఒక గిద్దెడు పాలు పోసేవాళ్లు. బర్రెలన్నీ పోయాక, నీళ్లలో కలపడానికి తన పాలు అమ్మనని మణెమ్మ అక్క చెప్పడంతో ఆ మర్యాద కూడా పోయింది. తేటగా, చల్లగా, అడుగున క్యాను రంగు కనబడేలా వస్తున్న పాలను నేను లీటర్ల లెక్కన రాసుకున్నాను.

సమాఖ్య ఆఫీసులో మాత్రం పండగే. మా ఒక్క ఊరి సేకరణే పాత జిల్లా సేకరణను దాటింది. సార్ ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

"పట్టణం నుంచి కూడా మంచి స్పందన ఉంది సాయిలూ. ఇదివరకు వేసవిలో పాలు విరిగిపోతున్నాయని రోజూ ఫిర్యాదులు వచ్చేవి. ఇప్పుడు ఒక్క ప్యాకెట్టూ విరగడం లేదు."

"ఎట్ల విరుగుతయి సార్" అన్నాను నేను.

"అదే మరి!" అన్నారు సార్ ఆనందంగా.

ఎనిమిది గవ్వలప్పుడు కొత్త చిక్కు వచ్చింది. పొద్దున బ్లాకు తేలేసరికి మధ్యాహ్నం దాటేది. తొమ్మిది గవ్వలప్పుడు పొద్దుటి పూట వాళ్లు ఇంకా విసురుతుండగానే సాయంత్రం వాళ్లు క్యాన్లతో దిగేవాళ్లు. దీన్ని నెట్‌వర్క్ రద్దీ అంటారని, ఇది ఆరోగ్యానికి గుర్తని సార్ వివరించారు. ఈ పురోగతిని కళ్లారా చూసి, రాష్ట్రమంతా అమలు చేయడానికి సిఫారసు చేసేందుకు రాజధాని నుంచి నలుగురు సభ్యుల ఉన్నతస్థాయి కమిటీ వస్తోందని కూడా చెప్పారు. గురువారం, పదకొండు గంటలకు.

గురువారమే మా అంగడి.

బుధవారం సాయంత్రం మణెమ్మ అక్క నాలుగు లీటర్లు పోసి, నాలుగుసార్లు విసిరి, గవ్వలు నా ముందు పెట్టింది. తిట్టలేదు. నాకు భయమేసింది.

"తమ్మీ, రేపు ముత్యాలును అంగడికి తోల్కపోతున్న" అంది. "తవుడుకు లేక రెండు రోజుల సంది ఒట్టి గడ్డే ఏస్తున్న. అది నా మొఖం జూసి అరుస్తున్నది. నా కడుపు మాడితె మాడనీ, దాని కడుపు మాడుస్తె నాకు పాపం." చెంబు తీసుకుని వెళ్లిపోయింది. ఆ పూట నేను అన్నం తినలేదు. ఒట్టి మాట కాదు, నిజంగానే తినలేదు.

గురువారం పొద్దున్నే సార్ దిగారు. తోరణాలు చూశారు, గవ్వలకు పసుపు రాయించారు, వరుసలో ఉన్న నూటయాభై క్యాన్లను లెక్కపెట్టించారు. అంతా బాగుంది. చివరగా, "కమిటీకి చాయ్ ఏర్పాటు?" అన్నారు.

"సార్, చాయ్‌కి పాల్లేవు."

సార్ క్యాన్ల వరుస ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశారు. "ఇవేంటి?"

"అవి సేకరించిన పాలు సార్. పొద్దున ఒక గిన్నెడు కాచి చూసిన. వేడినీళ్లయినయి."

సార్ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "మొత్తం ఊళ్లో చాయ్‌కి పనికొచ్చే పాలు లేవా?"

"ఒక్కరి దగ్గర ఉన్నయి సార్. నడవండి."

మేం వెళ్లేసరికి మణెమ్మ అక్క ముత్యాలుకు స్నానం చేయించి, కొమ్ములకు నూనె రాసి, మెడలో కొత్త పలుపు వేస్తోంది. పొదుగు నిండుగా, బిర్రుగా ఉంది. అంగడికి తోలే బర్రెను ఆ పొద్దున పిండరు. కొనేవాడు ముందు చూసేది పొదుగునే.

"అమ్మా, అర్జెంటుగా రెండు లీటర్ల పాలు కావాలి" అన్నారు సార్. "రాజధాని నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు."

"పిండితె పొదుగు జారుతది సారూ. జారినంక అంగట్ల దీన్ని ఎవ్వడు గొంటడు?"

"ప్రజా ప్రయోజనం దృష్ట్యా..."

"ఓ, అట్లనా." మణెమ్మ అక్క పలుపు వదిలి, నడుముకు కొంగు చుట్టుకుంది. "అయితె కాయిదం ప్రకారమే నడుద్దాం. గవ్వలు తెచ్చినవా తమ్మీ?"

జేబులోనే ఉన్నాయి. తీసిచ్చాను.

"తొమ్మిది. అన్ని వెల్లకిల వడాలె. వడితె పిండుత. కూసో సారూ."

సార్ నా వైపు చూశారు. నేను ముత్యాలు వైపు చూశాను. టైము పదిన్నర దాటింది. సార్ ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, పేడ లేని చోటు చూసుకుని, గొంతుక్కూర్చున్నారు.

ఐదు పడ్డాయి. మూడు పడ్డాయి. ఆరు పడ్డప్పుడు సార్ "దగ్గరికొచ్చింది" అన్నారు. దగ్గరికి రావడమనేది ఏమీ ఉండదని రెండు నెలలుగా ఊరికి చెబుతున్నవాడిని నేనే అయినా, పెద్దాయన కదా, గవ్వలు ఏరి మళ్లీ చేతికిచ్చాను. ఆయన చొక్కా వీపంతా తడిసింది. పీతాంబరరావు సార్ మొదటిసారి గవ్వలతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. "పడండమ్మా, పడండి, ఒక్కసారి" అని బతిమాలారు. గవ్వలు వినలేదు.

"లీటరుకు ఒక్కపారి సారూ, రెండు లీటర్లకు రెండుపార్లే" అంది మణెమ్మ అక్క. "నువ్వు యాబై సార్లేసినవ్. అయినా ఎయ్యి. నీ మీద జాలైతుంది."

సరిగ్గా అప్పుడే కొట్టం ముందు కార్లు ఆగాయి. పాల కేంద్రంలో సార్ కనబడక, కమిటీ వెతుక్కుంటూ వచ్చేసింది. నలుగురూ నోళ్లు ఎండిపోయి ఉన్నారు. కమిటీ అధ్యక్షుడు నెరిసిన జుట్టాయన, చేతిలో ఫైలు. ముందు సార్‌ను చూశారు, తర్వాత బర్రెను చూశారు.

"క్షేత్రస్థాయి పరీక్ష సార్" అన్నారు మా సార్ లేస్తూ. లేవడానికి నేను చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

"చాలా సంతోషం. చాయ్ ఎక్కడ?" అన్నారు అధ్యక్షులు.

మణెమ్మ అక్కే అందుకుంది.

"నా బర్రె దగ్గర పాలున్నయి. గవ్వలు వద్దు, గివ్వలు వద్దు. పాలు పోస్త, పైసలియ్యాలె. గంతే."

అధ్యక్షులు కళ్లజోడు సవరించుకున్నారు. "అంటే, గెలిస్తే ఇవ్వాలా?"

"గెలుసుడేంది? ఎన్ని పాలు పోస్తె గన్ని పైసలు."

"ఓడినవాళ్లకు కూడానా?"

"ఓడుడేంది సారూ? పాలు పోసుడు పందెమా? బర్రెను సాదినం, పిండినం, పోసినం. చిక్కగుంటె జర ఎక్క్వ, పల్చగుంటె జర తక్క్వ. నీళ్లు గలిపితె ఎల్లగొట్టాలె."

కమిటీ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన పెన్ను తీశాడు. అధ్యక్షులు మా సార్ వైపు తిరిగి గొంతు తగ్గించారు.

"ఆలోచన చాలా కొత్తగా ఉంది. ఈ విధానం ఎక్కడైనా అమల్లో ఉందా?"

"లేదు సార్" అన్నారు పీతాంబరరావు సార్ రెప్ప వెయ్యకుండా. "దీన్ని మా సమాఖ్యే రూపొందిస్తోంది. రెండో దశలో ప్రవేశపెట్టాలనుకున్నాం."

"రెండో దశ దాకా ఎందుకు? ప్రయోగాత్మకంగా ఇక్కడే, ఈ ఒక్క బర్రెతో మొదలుపెట్టండి. ఫలితాలు బాగుంటే విస్తరిద్దాం."

"ఉట్టి మాటలు వద్దు" అంది మణెమ్మ అక్క మళ్లీ పలుపు పట్టుకుని. "ఇయ్యాల్టి పైసలు ఇయ్యాల్నే నా చేతుల వెట్టాలె. రోజు గిట్లనే ఇస్తమని కాయిదం రాసి సంతకం వెట్టాలె. లేకుంటె అంగడికి టైమైతుంది, జరుగుండ్రి."

సార్ రాశారు. ముత్యాలు వీపు మీదే కాగితం పెట్టి సంతకం చేశారు, ఇంకెక్కడా చదునుగా లేదు. నేను ముద్ర వేశాను. అధ్యక్షులు తన పర్సులోంచి డబ్బు తీసి ఆమె చేతిలో పెట్టారు. మణెమ్మ అక్క రెండుసార్లు చూసుకుని కొంగున ముడేసుకుంది. ముత్యాలు మెడలోంచి కొత్త పలుపు తీసేసి, పాత పలుపుతో గుంజకు కట్టింది. కట్టేటప్పుడు దాని నుదురు నిమిరింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని పిండడానికి కూర్చుంది.

చాయ్ వచ్చింది. అధ్యక్షులు ఒక గుక్క తాగి ఆగారు. గ్లాసు పైకెత్తి వెలుతురుకు పట్టి చూశారు. పక్కాయనకు చూపించారు. ఆయన కూడా తాగి, నాలుక చప్పరించి, అనుమానంగా తల ఊపాడు.

"రుచి తేడాగా ఉందమ్మా" అన్నారు అధ్యక్షులు. "ఇందులో ఏం కలిపావు?"

"పాలు" అంది మణెమ్మ అక్క.